వెన్ను ఆపరేషన్ అయింది, పరిహారం కేసు నడుస్తోంది: రెండూ చెడకుండా చూసుకోవడం ఎలా

“సార్, ఎక్సర్‌సైజులు చేసి బాగైపోతే కేసు వీకైపోతాదా?”

కర్నూలులో ఫిజియోథెరపీ చేసే నన్ను రోగులు ఎక్కువగా అడిగేది ఇదే. హైవే మీద బైకు దెబ్బ తగిలినవాళ్లు, తాడిపత్రిలో గ్రానైట్ పలక మీద పడినవాళ్లు, ఎర్రగుంట్ల వైపు సిమెంటు బస్తాలు ఎత్తుతూ లారీ మీంచి జారినవాళ్లు వస్తుంటారు. ఒకరికి డిస్క్ ముక్క తీసి ఉంటారు, ఇంకొకరికి స్క్రూలు, రాడ్లు వేసి ఉంటారు. నా దగ్గరికి వచ్చేలోపే వాళ్ల బావమరిదో, కేసు చూసిపెడతానన్న మనిషో ఒక మాట చెవిలో వేసి ఉంటాడు: “కేసు తేలేదాకా మంచం దిగొద్దు.” ఆ మాట నమ్మి నెలల తరబడి పడుకున్న మనిషి, తొడ కండ కరిగిపోయి, గోడ పట్టుకుని లోపలికి వస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

జవాబు ముందే చెప్తున్నాను. బాగుపడితే కేసు పోదు. పరిహారం నిలబడేది తేదీలున్న కాగితాల మీద, మీరు చేయలేకపోతున్న పని మీద. మంచం మీద ఎన్నాళ్లున్నారన్నది ఎవరూ కొలవరు.

అయితే కేసు ఉన్నవాళ్లు నెమ్మదిగా కోలుకుంటారన్న మాటలో నిజముంది. 2005లో ‘జామా’ అనే అమెరికా వైద్య పత్రికలో ఒక సమీక్ష వచ్చింది. రకరకాల ఆపరేషన్ల మీద చేసిన 211 అధ్యయనాలను అందులో కలిపి చూశారు. పరిహారం వ్యవహారం ఉన్నవాళ్ల ఫలితం తక్కువగా ఉందని 175 అధ్యయనాల్లో తేలింది. 35 అధ్యయనాల్లో తేడా లేదు. మెరుగ్గా ఉందన్నది ఒక్కటే. అంటే వాళ్లంతా నటిస్తున్నారని కాదు. బరువు పనులు చేసేవాళ్లకు దెబ్బలే పెద్దవి కావచ్చు. వాయిదాల టెన్షన్, అప్పులు, పని పోయిందన్న దిగులు నిద్రను చెడగొడతాయి. పైగా కనిపించిన ప్రతివాళ్లకూ నొప్పి గురించి చెప్పుకుంటూ, రుజువు చేసుకుంటూ ఉంటే మనసు ఆ నొప్పి మీదే ఉండిపోతుంది. కాబట్టి కేసు పనిని కాగితాలకు అప్పజెప్పి, ఒంటిని వ్యాయామానికి వదిలేయాలి. కింద చెప్పేదంతా అందుకే.

ముందు సమకూర్చుకోవాల్సినవి

గట్టి ఫైలు ఒకటి, 200 పేజీల నోటుబుక్కు ఒకటి కొనండి. ఫైల్లో ఇవి ఉండాలి:

- ఎఫ్‌ఐఆర్ కాపీ. తర్వాత వచ్చే ఛార్జిషీటు, వాహన తనిఖీ రిపోర్టు
- మొదట చేరిన ఆసుపత్రి కాగితాలు, ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) నంబరు, ఊండ్ సర్టిఫికెట్ (గాయాల వివరం రాసిన కాగితం)
- ఎంఆర్‌ఐ, సీటీ రిపోర్టులు, వాటి సీడీలు
- డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోట్స్, స్క్రూలు వేసి ఉంటే వాటి స్టిక్కర్ల కాగితం
- డాక్టరు చీటీతో జతచేసిన మందుల బిల్లులు, బెల్టు, కమోడ్ కుర్చీ, ఆటో, అంబులెన్స్ ఖర్చుల రసీదులు
- ప్రమాదానికి ముందు మీ సంపాదన తెలిపేవి: జీతం స్లిప్పు, బ్యాంకు పాస్‌బుక్కు, ఫోన్‌పేలో మేస్త్రి పంపిన డబ్బుల ఎంట్రీలు, యజమాని రాసిచ్చిన ఉత్తరం
- ఢీకొన్న బండి ఆర్సీ, బీమా, డ్రైవర్ లైసెన్సు కాపీలు

స్టిక్కర్ల కాగితాన్ని చాలామంది పారేస్తారు. రేపు స్క్రూ విరిగినా, తీయాల్సి వచ్చినా ఏ కంపెనీది, ఏ సైజుది అని సర్జన్‌కు తెలిసేది దాని వల్లే. ముందుముందు అయ్యే చికిత్స ఖర్చు అడగడానికీ అది పనికొస్తుంది. రసీదుల మీద అచ్చు వెలిసిపోతుంది కాబట్టి ప్రతిదానికీ జిరాక్స్ తీయించండి, ఫోన్లో ఫొటో కూడా ఉంచండి. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వొద్దు. కోర్టులో దాఖలు చేయడానికి లాయరుకు ఇవ్వాల్సి వస్తే ఏమేం ఇచ్చారో జాబితా రాసి సంతకం పెట్టించుకోండి.

1. మొదటి ఆసుపత్రి కాగితం చదివించుకోండి

ఇది ఈ వారమే చేయండి. ప్రమాదం జరిగిన హడావిడిలో పక్కనున్నవాళ్లు “జారిపడ్డాడు” అని చెప్తారు, డ్యూటీ డాక్టరు అలాగే రాస్తారు. ఏడాది తర్వాత బీమా కంపెనీ లాయరు ఆ ఒక్క ముక్క పట్టుకుని, ఇది రోడ్డు ప్రమాదమే కాదంటాడు. ప్రమాదం ఎలా జరిగింది, ఏ వాహనం, ఎన్ని గంటలకు, నడుముకు దెబ్బ తగిలిందని అందులో ఉందో లేదో చూడండి. తప్పుంటే కాగితం మీద మీరు దిద్దకండి. అదే ఆసుపత్రికి రాతపూర్వకంగా అర్జీ పెట్టి, అందినట్టు సంతకం తీసుకోండి.

కాలు విరిగిన నొప్పిలో నడుం నొప్పి మొదట తెలియకపోవడం మామూలే. నడుం నొప్పి ఎప్పుడు మొదలైందో ఆ తర్వాతి ఓపీ చీటీలో రాయించండి.

2. ఏ దారిలో వెళ్లాలో, గడువు ఎంతో తేల్చుకోండి

రోడ్డు ప్రమాదమైతే మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు వెళ్తారు. ప్రమాదం బెంగళూరులో జరిగినా మీరు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్లో, అంటే కర్నూలు, అనంతపురం, కడప కోర్టుల్లోనే కేసు వేసుకునే వీలు చట్టంలో ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు వేయాలి. గడువు దాటిందని మీ అంతట మీరే వదులుకోకండి, లాయరును అడగండి. ఇంకా కోలుకోలేదు, తర్వాత వేద్దాం అని ఆగకండి. పిటిషన్ ముందు పడాలి, వైకల్యం లెక్క విచారణ నాటికి వస్తుంది. మామూలుగా వడ్డీ కూడా పిటిషన్ వేసిన తేదీ నుంచి వేస్తారు.

గుద్దిన బండి దొరక్కపోతే హిట్ అండ్ రన్ పథకం ఉంది. తీవ్ర గాయానికి 50,000 రూపాయలు. ప్రమాదం జరిగిన చోటి రెవెన్యూ అధికారులకు దరఖాస్తు పెట్టాలి.

ఎవరి తప్పన్నది రుజువు చేయనక్కర లేకుండా తీవ్ర గాయానికి 2.5 లక్షలు ఇచ్చే మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కూడా ఉంది. బీమా కంపెనీ దాని కింద ఇస్తానన్న డబ్బు తీసుకుంటే ట్రిబ్యునల్లో మీ పిటిషన్ రద్దయిపోతుంది. తీవ్ర గాయమైనా త్వరగా కోలుకునేవాళ్లకు అది చాలవచ్చు. స్క్రూలు పడి, పాదం కూడా సరిగ్గా లేవని మనిషికి అది తొందరపాటు.

పని చేస్తుండగా దెబ్బ తగిలితే కార్మిక శాఖ దారి. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ఉండేది, 2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. మీ ప్రమాదం తేదీని బట్టి ఏది వర్తిస్తుందో లేబర్ ఆఫీసులో అడగండి. రెండేళ్లలోపు క్లెయిమ్ వేయాలి. యజమానికి మాత్రం వెంటనే రాతపూర్వకంగా తెలపండి. ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) ఉన్నవాళ్లు పరిహారం ఈఎస్‌ఐ దగ్గరే తీసుకోవాలి. డ్యూటీలో ఉన్న లారీ డ్రైవరు, క్లీనరు లాంటివాళ్లకు రెండు దారులూ ఉంటాయి, కానీ ఒకటే ఎంచుకోవాలి.

లాయరుకు ఇచ్చుకునే స్తోమత లేకపోతే 15100కు ఫోన్ చేయండి. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వైకల్యం ఉన్నవాళ్లకు, ఆదాయం తక్కువున్నవాళ్లకు ఉచితంగా లాయరును ఇస్తారు.

3. పాత నడుం నొప్పి దాచకండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ముప్పై దాటిన చాలామంది ఎంఆర్‌ఐలో డిస్క్ ఎండిపోయినట్టు, ఉబ్బినట్టు కనిపిస్తుంది, వాళ్లకు నొప్పే ఉండకపోవచ్చు. “ఇది వయసు అరుగుదల, ప్రమాదానికి సంబంధం లేదు” అని అవతలివాళ్లు వాదిస్తారు. అప్పుడు మీరు “నాకు ముందు ఏ నొప్పీ లేదు” అని, పాత ఓపీ చీటీ ఒకటి బయటపడితే మీరు చెప్పిన నిజాలను కూడా ఎవరూ నమ్మరు.

సర్జన్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. “రెండేళ్ల కిందట నడుం పట్టేసి ఇంజక్షన్ చేయించుకున్నాను. తర్వాత రోజూ పనికి పోతూనే ఉన్నాను. ప్రమాదం తర్వాతే కాలు లాగడం, తిమ్మిరి మొదలయ్యాయి.” ఇలా రాసి ఉన్న కేసు షీటు చాలా బలమైనది. పనికి వెళ్లిన రోజుల మస్టరు దానికి తోడైతే ఇంకా మంచిది.

4. మొదటి ఆరు వారాలు ముందు ఒంటిని చూసుకోండి

మీ సర్జన్ చెప్పినదే మీకు లెక్క. ఇక్కడ చెప్పేది మామూలుగా పాటించే పద్ధతి. ఒట్టి డిస్క్ ఆపరేషన్ అయితే చాలామందిని మరుసటి రోజే నడిపిస్తారు. స్క్రూలు వేస్తే కూడా ఒకటి రెండు రోజుల్లో లేపుతారు, కానీ ఎముక అతుక్కోవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాకా. ఆరు వారాల పాటు ముందుకు వంగడం, నడుం తిప్పడం, బరువులెత్తడం వద్దు. నిండు బిందె అసలే వద్దు. కింద కూర్చోవడం, నాటు మరుగుదొడ్డి మీద గొంతుకూర్చోవడం డాక్టరు చెప్పేదాకా ఆపి, కమోడ్ కుర్చీ వాడండి.

మంచం మీంచి లేవడం ఇలా. రెండు మోకాళ్లు మడవండి. భుజాలు, తుంటి ఒకేసారి కదిలేలా, దుంగ దొర్లినట్టు పక్కకు తిరగండి. కాళ్లు మంచం అంచు కిందికి వదులుతూ, అదే సమయంలో కింది మోచేత్తో, పై అరచేత్తో పరుపును నొక్కి లేవండి. వెల్లకిలా పడుకుని ఇంట్లోవాళ్ల చెయ్యి పట్టుకుని లాగించుకోవడం తప్పు. మొత్తం భారం కుట్ల మీద పడుతుంది. ఇంట్లోవాళ్లకు ఇది ఒకసారి చేసి చూపించండి, ప్రేమకొద్దీ లాగేది వాళ్లే.

నడక రోజుకు నాలుగైదు సార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. మే నెల కర్నూలు ఎండలో పగలు వద్దు, తెల్లవారుజామున, పొద్దు గూకాక నడవండి. స్క్రూలు వేయించుకున్నవాళ్లు బీడీ, సిగరెట్ మానాలి. పొగ వల్ల ఎముక అతుక్కోకుండా పోయే ప్రమాదం బాగా పెరుగుతుంది. షుగరు అదుపులో ఉంచుకోండి.

పుత్తూరు కట్టు, నూనె మర్దనలు మన ప్రాంతంలో అందరికీ గుర్తొచ్చేవే. ఆపరేషన్ అయిన వెన్నుకు అవి వద్దు. ఆ నడుం మీద ఎవరి మోకాలూ, మోచెయ్యీ పడకూడదు.

ఇవి కనిపిస్తే వాయిదా వేయకుండా 108కు ఫోన్ చేయండి: మలమూత్ర ద్వారాల చుట్టూ మొద్దుబారడం, మూత్రం రాకపోవడం లేక తెలియకుండా పోవడం, కాలి బలం గంటగంటకూ తగ్గడం, జ్వరంతో పాటు కుట్ల నుంచి చీము లేక నీరు కారడం, పిక్క వాచి నొప్పెట్టడం, ఆయాసం, లేచి కూర్చుంటే భరించలేనంత తలనొప్పి.

5. నోటుబుక్కులో రోజూ నాలుగు లైన్లు రాయండి

నొప్పి గురించి పేజీలు రాయొద్దు. అది మీ ఆరోగ్యానికీ మంచిది కాదు, కోర్టుకూ పనికిరాదు. ఏం చేయగలిగారో, ఏం చేయలేకపోయారో రాయండి. నేను రాయించే పద్ధతి ఇది:

“12వ తేదీ. పొద్దున రామాలయం దాకా పోయి వచ్చినా, మధ్యలో ఒకసారి కూర్చున్నా. సగం బిందె ఎత్తగలిగినా, నిండుది ఎత్తలేకపోయినా. ఎడమ చెప్పు రెండుసార్లు జారింది. మా ఆవిడ కూలికి పోకుండా ఇంట్లోనే ఉంది. ఆటో 160 రూపాయలు.”

ఈ నాలుగు ముక్కల్లో నడక దూరం ఉంది, ఎత్తగలిగే బరువు ఉంది, పాదం బలహీనత ఉంది, తోడున్న మనిషి పోగొట్టుకున్న కూలి ఉంది, ప్రయాణ ఖర్చూ ఉంది. చెప్పు జారిన సంగతి చూస్తే డాక్టరు వెంటనే పాదం లేపించి చూస్తారు. మెరుగైన రోజున మెరుగైందనే రాయండి. అన్ని రోజులూ ఒకేలా ఉన్న నోటుబుక్కును ఎవరూ నమ్మరు.

6. వ్యాయామం మానకండి, హాజరు రాయించుకోండి

ఫిజియోథెరపీకి వెళ్లిన ప్రతిసారీ కార్డు మీద తేదీ, సంతకం పడాలి. ఆ కార్డు మీ శ్రద్ధకు సాక్ష్యం. “చెప్పింది చేయలేదు కాబట్టే బాగుపడలేదు” అనే వాదనకు అదే సమాధానం. యజమాని ఉచితంగా చూపించిన వైద్యాన్ని కారణం లేకుండా కాదంటే, లేదా డాక్టరు మాట కావాలని పెడచెవిన పెట్టి దెబ్బను పెంచుకుంటే, సరైన వైద్యం చేయించుకుని ఉంటే ఎంత గాయం మిగిలేదో అంతకే లెక్కకట్టాలని 1923 చట్టంలోనే ఉంది. అంటే మంచం దిగకపోవడం వల్ల డబ్బు పెరగదు, తగ్గే వీలుంది.

ఊరు దూరమై రోజూ రాలేనివాళ్లు, ఆదోని, కోసిగి, రాయచోటి వైపు పల్లెల నుంచి వచ్చేవాళ్లు, ఇంటి వ్యాయామాలు కాగితం మీద రాయించుకుని నోటుబుక్కులో టిక్కు పెట్టుకోండి. రెండు మూడు వారాలకోసారి చూపించుకుంటే చాలు.

తేలికపాటి పనికి డాక్టరు ఒప్పుకుంటే వెళ్లండి. చాలామంది ఇక్కడే జంకుతారు. గ్రానైట్ పాలిష్‌లో నెలకు 18,000 తెచ్చుకునే మనిషి, ఇప్పుడు అదే షెడ్డులో గేటు దగ్గర కూర్చుని 9,000 తీసుకుంటే, పోయిన 9,000 కళ్లకు కనిపిస్తుంది. యజమాని దగ్గర రెండు జీతాలూ రాసిన ఉత్తరం తీసుకోండి. ఏమీ చేయలేనని ఇంట్లో కూర్చున్న మనిషి నష్టాన్ని ఇంత స్పష్టంగా చూపించడం కష్టం. లాయరుకు మాత్రం పనిలో చేరిన సంగతి చెప్పండి, కోర్టులో దాచొద్దు.

7. పరీక్షలో నటించకండి

ఈ మాట చెప్పడానికి నాకూ ఇబ్బందిగానే ఉంటుంది, కానీ చెప్పాలి. పడుకోబెట్టి కాలు కొంచెం పైకెత్తగానే “అమ్మా” అన్న మనిషిని, కూర్చోబెట్టి పాదం చూసే నెపంతో మోకాలు చాపుతారు. సాగేది అదే నరం. అప్పుడు ఏమీ అనకపోతే డాక్టరు ఒక లైను రాసుకుంటారు. నెత్తి మీద మెల్లగా నొక్కితే నడుం నొప్పి అనడం కూడా అలాంటిదే. ఈ లైను పడ్డాక నిజంగా ఉన్న పాదం బలహీనతను కూడా అనుమానంగా చూస్తారు. బీమా కంపెనీలు మనుషుల్ని పెట్టి విచారించుకుంటాయి, పెళ్లిలో మీరు చిందులేసిన వీడియో వాట్సాప్‌లో తిరగడానికి ఎంతోసేపు పట్టదు. ఉన్న నొప్పిని ఉన్నంతే చెప్పండి. “పొద్దున 3, సాయంత్రం పని చేశాక 6” అని పదికి లెక్క చెప్తే అది నిజమైన మనిషి మాటలా ఉంటుంది.

8. వైకల్యం సర్టిఫికెట్ తొందరపడి తీసుకోకండి

ఆపరేషన్ తర్వాత కాలు లాగడం త్వరగా తగ్గవచ్చు. తిమ్మిరి ఆలస్యంగా పోతుంది, బలహీనత నెలల తరబడి మారుతూ ఉంటుంది, ఎందుకంటే నరం పెరిగేది సుమారు రోజుకు ఒక మిల్లీమీటరే. రెండో నెలలో తీసుకున్న శాతం పదో నెలలో నిలబడదు. ఇక మారడం లేదని సర్జన్ అన్నాక, ఎముక అతికిందో లేదో ఎక్స్‌రే, సీటీతో చూశాక తీసుకోండి.

ఎక్కడ అంటే మీకు ఆపరేషన్ చేసిన డాక్టరు, లేదా ప్రభుత్వ వైద్య బోర్డు. కర్నూలు, అనంతపురం పెద్దాసుపత్రులు, కడప రిమ్స్ వంటి చోట్ల బోర్డులు కూర్చుంటాయి. స్లాటు సంగతి సచివాలయంలో కనుక్కోండి. పింఛను కోసం తీసుకునే సదరం సర్టిఫికెట్ ఒక ఆధారమే, కానీ కేసులో శాతం నిలబడాలంటే మామూలుగా డాక్టరు వచ్చి సాక్ష్యం చెప్పాలి. కోర్టు చుట్టుపక్కల “శాతం వేయించి ఇస్తాం” అనేవాళ్ల జోలికి పోవద్దు. చికిత్స చేయకుండానే ఉదారంగా సర్టిఫికెట్లు ఇచ్చే డాక్టర్ల సంగతి సుప్రీంకోర్టు 2010 నాటి రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ తీర్పులో ప్రస్తావించి, ట్రిబ్యునళ్లు జాగ్రత్తగా చూడాలని చెప్పింది.

అదే తీర్పులో మీకు బాగా పనికొచ్చే మాట ఇంకొకటి ఉంది. శరీర వైకల్యం శాతం, సంపాదన నష్టం శాతం ఒకటే కానక్కర లేదు. ఎడమ చెయ్యి పోతే శరీర వైకల్యం 60 శాతం అనుకుందాం. డ్రైవరుకో వడ్రంగికో సంపాదన దాదాపు నూటికి నూరు శాతం పోవచ్చు, ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగం అలాగే ఉండవచ్చు.

లెక్క వేసి చూడండి. వయసు 34, నెలకు 15,000 సంపాదన. ఏడాదికి 1,80,000. సొంత పని, కూలి పని చేసేవాళ్లు 40 ఏళ్లలోపు ఉంటే భవిష్యత్తు పెరుగుదలకు 40 శాతం కలుపుతారు కాబట్టి 2,52,000. 31 నుంచి 35 ఏళ్ల వాళ్లకు గుణకం, అంటే ఏడాది మొత్తాన్ని హెచ్చించే అంకె, 16. సంపాదన నష్టం 30 శాతం అనుకుంటే 12,09,600 రూపాయలు. బరువు పనే బతుకైన మనిషి కాబట్టి నష్టం 60 శాతమని ట్రిబ్యునల్ ఒప్పుకుంటే 24,19,200. డాక్టరు సర్టిఫికెట్ రెండు చోట్లా ఒకటే. తేడా తెచ్చింది పని రుజువు. చికిత్స ఖర్చు, మంచాన ఉన్న నెలల జీతం, తోడు మనిషి ఖర్చు, బాధకు ఇచ్చేది, మళ్లీ ఆపరేషన్ అవసరమైతే దాని ఖర్చు ఇవన్నీ దీనికి అదనం.

అందుకే డాక్టరు సాక్ష్యంలో “30 శాతం” అన్న అంకెతో పాటు “20 కిలోలకు మించి ఎత్తలేరు, గంటకు మించి వంగి పని చేయలేరు” లాంటి మాటలు ఉండేలా చూసుకోమని లాయరుకు గుర్తుచేయండి.

9. నిజంగా మెరుగవుతున్నారా, చూసుకోవడం ఎలా

ఆపరేషన్ తర్వాత ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి నాలుగు విషయాలు రాయించుకోండి: ఆగకుండా నడిచే దూరం, ఎత్తగలిగే బరువు, పాదం, బొటనవేలు బలం (5కు ఎంత), నడుం నొప్పి వల్ల ఇబ్బందిని కొలిచే ఆస్వెస్ట్రీ అనే పది ప్రశ్నల కాగితం మీద వచ్చే స్కోరు (నూటికి ఎంత). ఆ స్కోరు 20 లోపు ఉంటే ఇబ్బంది కొద్దిగానే ఉన్నట్టు, 41 నుంచి 60 మధ్య ఉంటే తీవ్రంగా ఉన్నట్టు. స్కోరు తగ్గుతూ వస్తే దారిలో ఉన్నారు. మూడు నెలల తర్వాత కూడా కదలకపోతే, లేదా తగ్గినది మళ్లీ పెరిగితే సర్జన్‌ను కలవండి. మళ్లీ డిస్క్ జారిందేమో, స్క్రూ వదులైందేమో చూడాలి.

అన్ని స్కానులూ బాగున్నా నొప్పి తగ్గకపోతే నిద్ర, దిగులు సంగతి డాక్టరుకు చెప్పండి. అది కూడా చికిత్స ఉన్న సమస్యే. మానసిక వైద్యం చేయించుకున్నారని కేసు తగ్గదు. కేసు కోసం రెండో ఆపరేషన్ చేయిద్దామని ఎవరైనా సలహా ఇస్తే ఆ మనిషిని దూరం పెట్టండి.

10. రాజీకి కూర్చునే ముందు

లోక్ అదాలత్‌లో కేసు త్వరగా తేలుతుంది. ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగేకంటే చాలామందికి అది ఆరోగ్యానికీ మంచిదని నా అభిప్రాయం. కానీ అక్కడ ఇచ్చిన అవార్డు మీద అప్పీలు ఉండదు. అందుకే మూడు విషయాలు తేలాకే సంతకం పెట్టండి: ఎముక అతుక్కుందా, వైకల్యం స్థిరపడిందా, మళ్లీ ఆపరేషన్ అవసరం ఉందా. ఈ మూడింటి మీద సర్జన్ రాసిన ఉత్తరం చేతిలో లేకుండా, అప్పులవాడు గుమ్మంలో ఉన్నాడని ఒప్పుకోకండి. పరిహారం మొత్తం, వడ్డీ, లాయరు ఫీజు ఎంతో విడివిడిగా కాగితం మీద చూడండి.

డబ్బు మంజూరయ్యాక కొంత భాగాన్ని బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయమని ట్రిబ్యునల్ చెప్పవచ్చు. ఖాతా మీ పేరు మీదే ఉండాలి, పాస్‌బుక్కు మీ దగ్గరే ఉండాలి. గడువుకు ముందే చికిత్స కోసం అవసరమైతే సర్జన్ ఉత్తరం, ఖర్చు అంచనా కాగితం జతచేసి అదే ట్రిబ్యునల్లో అర్జీ వేస్తే విడుదల చేయమని కోరవచ్చు. కేసు ముగిసినా ఫైలు పారేయకండి. స్క్రూలు ఒంట్లో ఉన్నంత కాలం స్టిక్కర్ల కాగితం, ఆపరేషన్ నోట్స్ బీరువాలోనే ఉండాలి.